ఉప్పు గోడకు ఆనించిన బీములు

…భయం కాకపోవచ్చు. భయపడినవాడు ఒక్క అబద్ధాన్నే గట్టిగా పట్టుకుంటాడు. ఇతను రెండు చెప్పాడు. రెండూ తేలిగ్గా వదిలేశాడు, పట్టుబడ్డాక సిగ్గు కూడా పడలేదు. తన గురించి బెంగ లేని మనిషి అబద్ధం చెబితే ఇలాగే ఉంటుందా? లేక ఇతను హంతకుడు కాకూడదని నాకు ఉంది కాబట్టి నా బుర్రే సాక్ష్యాన్ని వంచుతోందా? ఈ రెండో అనుమానం అంకుశానికి కొత్తది కాదు. ఏ కేసులోనైనా ఎదుటివాడి కంటే ముందు తనను తాను ప్రశ్నించుకోవడం అతని అలవాటు. ఆ అలవాటు వల్ల చాలాసార్లు ఆలస్యమైంది.

"ఏంది తమ్మీ, గట్ల చూస్తున్నవ్?" అన్నాడు ఎదురు బెంచీ మీది రాజయ్య.

పోలీసు స్టేషన్ వెనక గది. తలుపు దగ్గర ఒక కానిస్టేబుల్. గోడకు ఆనుకుని, అడగకుండానే వచ్చి నిలబడ్డ హరీశ్. అరవై దాటిన రాజయ్య చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. మొన్న తెల్లవారుజామున పోలీసులు తలుపు కొట్టినప్పుడు హడావుడిగా పెట్టుకున్న గుండీలు అవే.

"ముందుగల వసయి పోయిందంటివి. నిన్న కళ్యాణ్ పోయిందంటివి. ఏది నిజం రాజన్నా?"

"యాదికి లేదు తమ్మీ."

"సుశీలాబాయికి డెబ్బై ఎనిమిదేండ్లు. కర్ర లేకుంటే గడప దాటది. ఒక్కతే వసయి ఎట్ల పోతది?"

రాజయ్య తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"నీ మీద ఖూనీ కేసు రాస్తున్నరు. ఖాడీల పడేసినవంటున్నరు. రేపు ఆదివారమైనా కోర్టుకు తీసుకపోతరు. ఎరుకేనా?"

"ఎరుకే."

"సంపినవా?"

"ఏం మాట తమ్మీ అది. ముప్పై ఏండ్లాయె ఆ ఇంట్ల సాంచాలు నడిపి. నా పెండ్లాం సచ్చిన దినం నాకు బువ్వ కలిపి పెట్టింది ఆయీ."

ఆయీ అంటే మరాఠీలో అమ్మ. ఇంటి యజమానురాలిని రాజయ్య అలా పిలుస్తాడని అతని కూతురు కన్యక నిన్ననే చెప్పింది. ధామన్‌కర్ నాకాలో కట్‌పీసుల దుకాణం మీదున్న అంకుశం డిటెక్టివ్ ఆఫీసుకు ఆ పిల్ల ఏడుస్తూ వచ్చింది. తండ్రిని విడిపించమంది. డబ్బు సంగతి తర్వాత అన్నాడు అంకుశం. అతనూ తెలుగు నేతగాళ్ల పద్మనగర్‌లో, సాంచాల మధ్య పెరిగినవాడే. పవర్‌లూమ్‌లను సాంచాలు అని కాక ఇంకోలా పిలవడం అతనికి ఇప్పటికీ చేతకాదు.

"మంచి యాక్టింగ్," అన్నాడు హరీశ్ గోడ దగ్గర నుంచి. "అడుగన్నా, ఇంకా అడుగు. నీ కాలం దాటిపోయిన టెక్నిక్కులు మాకు కూడా చూపెట్టు."

అంకుశం తల తిప్పలేదు. హరీశ్ ఒకప్పుడు అతని దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఠాణేలో సొంత ఏజెన్సీ, నలుగురు ఉద్యోగులు. ఈ కేసులో అతన్ని పెట్టుకున్నది వైభవ్ తాండేల్, సుశీలాబాయి మరిది మనవడు. ఆమె లేకపోతే ఖాడీ ఒడ్డున, ఆ సముద్రపు పాయ పక్కన ఉన్న వాడా, ఆ పాత పెద్ద ఇల్లు, అతనికే వస్తుంది. దాన్ని పడగొట్టి గోడౌన్ కట్టడానికి బిల్డర్‌తో మాట్లాడుకున్నాడు కూడా. సుశీలాబాయి మాత్రం ఆ ఇల్లు చరిత్ర ఉన్న కట్టడమని ప్రభుత్వానికి రాయించింది. చూడటానికి అధికారులు సోమవారం వస్తున్నారు. ఈ రోజు శనివారం.

"నా బిడ్డ ఇంటికాడనే ఉంటున్నదా?" అని హఠాత్తుగా అడిగాడు రాజయ్య. గొంతు మామూలుగానే ఉంది. కళ్లు మామూలుగా లేవు. "పూటపూటకు వంట చేస్తున్నదా?"

కూతురు తింటున్నదా అనాలి కదా, అనుకున్నాడు అంకుశం. వంట గురించి ఎందుకు?

"ఇంటికాడ లేదు. మీ మరదలి తాన ఉంటున్నది. మీరుంటున్న వాడాకు పోలీసులు తాళమేసిండ్రు. మొన్న నిన్ను తెచ్చినప్పటిసంది మీ వాళ్లు ఎవ్వలు లోపలికి పోలే."

రాజయ్య ముఖంలో నుంచి రంగు దిగిపోవడం అంకుశం చూశాడు. మాట అన్న తర్వాత, దాన్ని వెనక్కి తీసుకోలేని క్షణంలో చూశాడు. రాజయ్య లేచాడు. నోరు తెరిచాడు. మూతి పక్కకు పోయింది. కుడి చెయ్యి బెంచీ అంచు కోసం వెతికి దొరక్క, మనిషి మొత్తం కానిస్టేబుల్ కాళ్ల దగ్గర కూలిపోయాడు.

"అరే, అరే!" అన్నాడు కానిస్టేబుల్.

హరీశ్ మొదటిసారి గోడను వదిలి ముందుకొచ్చాడు. "ఏమన్నవ్ అన్నా? ఏమన్నవ్ వానితోని?"

అంకుశం కూడా అదే ప్రశ్న వేసుకుంటున్నాడు. ఖూనీ కేసంటే చలించలేదు. కోర్టంటే చలించలేదు. ఇంట్లో ఎవరూ లేరంటే మాత్రం పడిపోయాడు.

*

ఆసుపత్రి వసారాలో కన్యక గోడకు తల ఆనించి నిలబడింది. కార్గో ఆఫీసులో పనిచేసే పిల్ల, మెడలో ఆ ఐడీ కార్డు ఇంకా ఉంది. లోపల డాక్టరు చెప్పింది ఒక్కటే. ప్రాణానికి ఇప్పటికైతే ప్రమాదం లేదు, మాట ఎప్పుడొస్తుందో తెలియదు.

"మొన్న పొద్దుగాల ఏం జరిగిందో మళ్లొక్కసారి చెప్పు బిడ్డా."

"ఎన్నిసార్లు చెప్పాలె కాకా? పోలీసులొచ్చిండ్రు. ఆ హరీశ్ వచ్చిండు, వైభవ్ వచ్చిండు. సాంచాలు బంద్ చేపిచ్చిండ్రు. ఆజీ ఏదని అడిగిండ్రు. బాపు వసయి అన్నడు. జీపు ఎక్కిచ్చిండ్రు. బస్, ఇత్‌కంచ్, అంతే." ఆమె మరాఠీ బడిలో చదివింది. కోపం వస్తే మాటల్లోకి మరాఠీ వస్తుంది. సుశీలాబాయిని ఎప్పుడూ ఆజీ, అంటే అమ్మమ్మ, అనే అంటుంది.

"నీతోని ఏమన్న చెప్పిండా?"

"చెప్పలే. నన్నే చూస్తుండె. పెదాలు వణుకుతుండె. అంత భయపడ్డడు. పక్కింటామె ఫోన్‌ల వీడియో తీసింది, చూడు. నేను వందసార్లు విన్న. బాపు గొంతు ఒక్కసారి కూడా లేదు."

"విన్న" అంది. అంకుశం ఫోన్ తీసుకున్నాడు. పోలీసుల అరుపులు, కుక్క మొరుగు, ఎవరో ఆడమనిషి దగ్గు. మనుషుల మధ్య నుంచి రాజయ్య ముఖం. నిజమే, పెదాలు కదులుతున్నాయి. గొంతు లేదు.

అతను వాల్యూమ్ పూర్తిగా తగ్గించి మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.

సాంచాలు నడిచే కార్ఖానాలో గొంతుతో పని లేదు. ఆ మోతలో ఎంత అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకే అక్కడ మనుషులు గొంతు తీయకుండా, పెదాలను పెద్దగా, నిదానంగా కదుపుతూ మాట్లాడుకుంటారు. ఆ చివరి సాంచా దగ్గరివాడు ఈ చివరివాడితో పెళ్లిమాటలు కూడా అలాగే ఆడతాడు. అంకుశం తల్లి వంటింట్లో కూడా సగం మాటలు అలాగే అనేది, అలవాటు వదలక. చిన్నప్పుడు అతను ఆమె ముఖం వైపు చూడకుండా ఉంటే కోప్పడేది, వింటలేవా అని.

రాజయ్య నోరు బాగా తెరుచుకుంది. ఆ. వెంటనే పెదాలు రెండు పక్కలకూ సాగాయి. యీ. తర్వాత రెండు పెదాలూ కలిశాయి, గుండ్రంగా ముందుకొచ్చాయి, మళ్లీ కలిశాయి.

ఆయీకి బువ్వ పెట్టు.

ఒకసారి కాదు. జీపు తలుపు మూసేదాకా అదే మాట, అంతే నిదానంగా, చిన్నపిల్లకు చెప్పినట్టు.

అంకుశం ఆ మాట బయటికి అన్నాడు. కన్యక ఫోన్ తీసుకుని వీడియో మళ్లీ పెట్టి చూసింది.

"నాకు రాదు కాకా ఆ భాష," అంది చివరికి. "బాపే రానియ్యలే. దూది పొట్టు ఛాతీల పడ్తదని కార్ఖానాల అడుగు పెట్టనియ్యలే నన్ను. నేనెప్పుడు నేర్చుకున్న?"

"ఎరుకే."

"మరి నాతోని గట్లెందుకు చెప్పిండు? నాకు రాదని ఆయనకు తెల్వదా?"

తెలియకపోవచ్చు, అనుకున్నాడు అంకుశం. తాను జీవితమంతా పీల్చిన గాలి తన పిల్లకు కూడా అందిందనే అనుకుంటాడు ఏ మనిషైనా, దాన్ని తానే కిటికీలు మూసి ఆపినా సరే. ఆ మాట ఆమెతో అనలేదు. అనడానికి సమయం లేదని కాదు. అంటే ఆమెకు జీవితాంతం ఉండిపోతుందని.

"అంటే ఆజీ బతికున్నది," అంది కన్యక. "ఇంట్లనే ఉన్నది. మొన్నటిసంది ఎవ్వలు బువ్వ పెట్టలే."

"ఇంట్ల ఏడున్నది? పోలీసులు ఇల్లంత చూసిండ్రు. ఆ ఇంటి గురించి ఆజీ నీకేం చెప్పింది? ఏదన్న చెప్పు. చిన్నప్పటి కథలైనా సరే."

"కథలే అన్నీ." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఆ ఇల్లు కట్టింది ధర్మాజీ తాండేల్ అట. ఆజీ మామకు తాత. ఎండు బొంబిల్ చేపలు, ఎండు రొయ్యలు, పెద్ద షావుకారు. అప్పుడు ఖాడీ లోతు ఉండె. సముద్రం పడవలు వసయి దిక్కు నుంచి పైకొచ్చి, పోటు మీద సీదా ఇంటి గోడకు ఆనేటియట. ఇంటి కింద నీళ్ల తలుపు, దాని లోపట ఉప్పు గది. గంపలు ఆ తలుపులకెల్లి అందుకునేటోళ్లట. ఇప్పుడా తలుపు బురదల పూడుకపోయిందట. కింద ఉప్పు పెట్టి, పైన కడిగి, అటక మీద ఆరబెట్టుడు."

"ఉప్పు గది నువ్వు చూసినవా?"

"లేదు. వైభవ్ అయితే నవ్వుతడు. ముసలామె కల అంటడు. ఆజీ మాత్రం ఆఫీసర్లు వచ్చిన దినం చూపెడ్త అంటుండె. ముందుగాలే చూపెడితే వైభవ్ పూడిపిస్తడట."

అంకుశానికి కేసు మొత్తం ఒక్కసారి అర్థమైంది. వైభవ్ మనుషులు ఇల్లు రాసిమ్మని సంతకం కోసం వచ్చి ఉంటారు. రాజయ్య ఆమెను ఒక్క రాత్రి కోసం కింద దాచి ఉంటాడు. తెల్లారితే తీయాలనుకున్నాడు. తెల్లారకముందే వైభవ్ ఫిర్యాదుతో జీపు వచ్చింది. ఆ గది గుట్టు చెబితే ఇల్లు పోతుంది, చెప్పకపోతే ఆయీకి తిండి లేదు. అందుకే కూతురికి పెదాలతో చెప్పాడు. చెప్పానన్న ధైర్యంతోనే ఈ రెండు రోజులూ అంత నిబ్బరంగా అబద్ధాలాడాడు.

"ఇంకో మాట కూడా చెప్తుండె," అంది కన్యక. ఆమె గొంతు మారింది. "నారళీ పున్నమికి సముద్రం తన ఇల్లు చూసుకోనీకి వస్తదట. ఆ దినం ఉప్పు గదిల మనిషి ఉండద్దట. కాకా, నారళీ పున్నమి…"

అంకుశం భుజం మీద కొత్త జందెం పొద్దుట వేసుకున్నదే. పద్మశాలీలకు నూలు పున్నమి. ఖాడీ ఒడ్డున చేపలు పట్టే కోలీలకు అదే రోజు నారళీ పున్నమి, సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చే రోజు. పద్మనగర్ సాంచాలన్నీ ఆగిపోయాయి. మగవాళ్లందరూ మార్కండేయ స్వామి రథం వెంట ఉన్నారు.

"ఆజీ కొబ్బరికాయ తీసుకొని ఏ వేళకు పోతది ఖాడీ కాడికి?"

"పగటి రెండు గంటలకు. ప్రతి ఏడాది. అప్పుడే నీళ్లు నిండుతయి అంటది."

పున్నమి పోటు ఏ ఏడైనా ఆ వేళకే వస్తుంది. వసారా గోడ గడియారం ఒంటిగంట దాటింది.

*

రథం వల్ల ఆటోలు కదలలేదు. అంకుశం దిగి నడిచాడు, తర్వాత పరుగెత్తాడు. వాడా ముందరి తలుపు తీసి ఉంది. లోపల హరీశ్.

"రా అన్నా, రా. ఆలస్యమైనా వచ్చినవ్. నీకు ఆలస్యం అలవాటే గద."

"చావి ఎవలిచ్చిండ్రు?"

"వారసుడు."

"వారసుడు కావాలంటే ముందు ఆమె సావాలె."

"సచ్చింది. శవం దొరకాలె, అంతే. పొద్దటిసంది ఖాడీ బురదల మనుషులను దింపిన." హరీశ్ బూట్లకు అంటిన నల్ల బురదను నేలకు రాసుకున్నాడు. "నువ్వు వీడియో చూసినవా? పెదాలు ఎట్ల వణుకుతున్నయో చూసినవా? అది గిల్టు. సైకాలజీ నువ్వే గద నేర్పినవ్ నాకు."

"చూసిన."

"మరి?"

"మరేం లేదు ఇన్వెస్టిగేటర్ సాబ్. నాకు కూడా వణుకుతున్నట్టే అనిపిచ్చింది."

హరీశ్ అనుమానంగా చూశాడు. తెలివైనవాడు. ఎదుటివాడు తేలిగ్గా ఒప్పుకుంటే నమ్మడు. అది కూడా అంకుశం నేర్పిందే.

"ఉప్పు గది కోసం వచ్చినవా?" అన్నాడు నవ్వుతూ. "రెండు దినాలసంది గోడలు కొట్టి కొట్టి నా చెయ్యి పోయింది. ఉంటే దొరకదా? అయినా వైభవ్ తయారుగనే ఉన్నడు. దొరికితే సోమవారం లోపట ఒక లారీ కాంక్రీటు. ఆఫీసర్లు వచ్చి చూస్తే ఏమున్నది? సాంచాల షెడ్డు. గంత పాత ఇల్లయితే పాతది ఒక్కటన్న కనపడాలె గద."

"పైన దూలాలు సాగువాన్, అసలు టేకు కర్ర."

"ముంబై నిండ సాగువానే అన్నా." అతని ఫోన్ మోగింది. పేరు చూసి, "వైభవ్. వస్తున్నడట," అంటూ వీధి అరుగు మీదికి వెళ్లాడు.

అంకుశం ఒంటరిగా మిగిలాడు. ఒంటరిగా ఉంటేనే తన బుర్ర పనిచేస్తుందని అతను ఎప్పుడూ నమ్మాడు. భాగస్వామిని పెట్టుకోలేదు, హరీశ్ వెళ్లిపోయాక సహాయకుణ్ణి పెట్టుకోలేదు. దాన్ని పద్ధతి అనేవాడు.

రెండు వరసల సాంచాలు. సగం నేసిన తెల్ల గుడ్డ పోలీసులు ఆపిన చోటే ఆగి ఉంది. మూడు గోడలు పొడిగా, సున్నం పెచ్చులూడి ఉన్నాయి. ఖాడీ వైపు నాలుగో గోడ నడుము ఎత్తు దాకా చెమ్మగా, తెల్లగా పూసి ఉంది. వేలితో తాకి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు. ఎన్ని తరాల చేపలకు పట్టించిన ఉప్పో రాళ్లలోకి ఇంకి, ప్రతి వానాకాలం మళ్లీ బయటికి వస్తోంది.

ఆ గోడకు ఆనించి నాలుగు బీములు అడ్డంగా పడుకోబెట్టి ఉన్నాయి.

నిండు బీములు. రెండు చివర్లా చక్రాలున్న మనిషి పొడవు ఇనుప గొట్టం మీద వేల పోగులు చుట్టి, గంజి పట్టించి, సైజింగ్ కార్ఖానా నుంచి కొత్తగా వచ్చినవి. హరీశ్ వాటిని చూసే ఉంటాడు. సాంచాల షెడ్డులో బీములు ఉండటంలో వింత ఏముంది అనుకుని ఉంటాడు. కానీ వానాకాలం గంజి పట్టిన బీమును చెమ్మ గోడకు ఏ సాంచాలవాడూ ఆనించడు. గంజి మెత్తబడితే పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, నేత మొత్తం పోతుంది. కొత్తగా చేరిన పనివాడు అలా పెడితే చెంప పగులుతుంది. ముప్పై ఏళ్లు ఈ గోడ పక్కనే బతికిన రాజయ్య తన చేతులతో తన సరుకు పాడుచేసుకున్నాడు. ఆ గోడలో బీముల కంటే ఎక్కువ విలువైనది ఏదో ఉంటే తప్ప చేయడు.

అంకుశం మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేల ఆ గోడ వైపు వాలి ఉంది. చేపలు కడిగిన నీళ్లు ఖాడీలోకి పోవాలని ఎప్పుడో అలా పరిచిన రాళ్లు. వాలు మీద బీమును దొర్లించి తేవడం ఒక్క మనిషికి చాలు. రాజయ్య ఒక్కడే తెచ్చి ఉంటాడు. వెనక్కి తీయడం సంగతి తెల్లారి చూసుకోవచ్చు అనుకుని ఉంటాడు.

బీముల సందులో చెయ్యి పెట్టాడు. రాయి, రాయి, రాయి. తర్వాత కర్ర.

అరచేత్తో కొట్టాడు. ఏమీ లేదు. మళ్లీ కొట్టాడు. మామూలు రోజైతే చుట్టుపక్కల సాంచాల మోతలో ఫిరంగి పేల్చినా వినపడేది కాదు. ఇవాళ వీధిలో హరీశ్ నవ్వు కూడా వినిపిస్తోంది. ఆ నిశ్శబ్దంలో, కర్ర వెనక, కింద నుంచి, ఎవరో రాయి మీద ఏదో తాటించారు.

"ఆయీ!" అన్నాడు చెక్కకు నోరు ఆనించి. "ఆయీ, నేను అంకుశం. రాజయ్య తమ్ముని లెక్క."

చాలా ఆలస్యంగా, గొంతు అని చెప్పలేని ఒక గొంతు, రాజయ్య దగ్గర విని నేర్చుకున్న తెలుగులో. "రాజయ్య ఏడీ?"

"దవాఖానల ఉన్నడు. బతికిండు. నీకెట్లున్నది?"

"పాణీ వచ్చింది బాబా. మోకాళ్ల దాకా. మెట్టు మీద నిలబడ్డ." కాసేపు ఊపిరి. "పైన ఇంక ఎవరున్నరు?"

అబద్ధం చెప్పాలనుకున్నాడు. చెప్పలేకపోయాడు. "వైభవ్ మనిషి ఉన్నడు. వైభవ్ వస్తున్నడు."

"అయితే తలుపు తియ్యకు."

"ఆయీ…"

"తియ్యకు. సోమవారం సాహెబులు వస్తరు. అప్పటిదాకా ఉంట. మా ధర్మాజీ బాబా కట్టిన మెట్లు ఇవి. వాడు చూసిండంటే పూడుస్తడు. నాకు తెలుసు. పోతే నేను పోత. ఇల్లు ఉండాలె."

కింద నీళ్లు రాతిని నాకుతున్న చప్పుడు అతనికి స్పష్టంగా వినిపించింది. పోటు ఇంకా నిండలేదు.

అంకుశం స్టేషన్‌కు ఫోన్ చేశాడు. అందరూ రథం బందోబస్తులో ఉన్నారు, చూస్తాం అన్నారు. పక్క కార్ఖానాకు పరుగెత్తాడు. తాళం. దాని పక్కది తాళం. తిరిగి వచ్చి మొదటి బీము అంచును రెండు చేతులా పట్టుకుని, కాలు గోడకు తన్ని లాగాడు. బీము జానెడు పైకి కదిలింది. ఊపిరి తీసుకునేలోపే వాలు దాన్ని వెనక్కి తెచ్చింది. ఎడమ చేతి వేళ్లు దాని కింద పడ్డాయి. చెయ్యి లాక్కున్నప్పుడు రెండు గోళ్లు నల్లబడ్డాయి, నొప్పి ఇంకా రాలేదు. మళ్లీ లాగాడు. మళ్లీ అంతే.

పైకి ఒకడు లాగాలి. కింద చక్రానికి ఒకడు ఆపు పెట్టాలి. ఇద్దరు కావాలి.

ఇద్దరు. ఈ ఇంట్లో రెండో మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను చూస్తే వైభవ్ చూసినట్టే. లారీ ఎక్కడో సిద్ధంగా ఉంది. రెండు రోజులు తిండి లేకుండా చీకట్లో నిలబడి ఆ ముసలామె కాపాడింది ఒక్క పిలుపుతో పోతుంది. మాట పడిపోయిన రాజయ్య పోలీసుల దగ్గర మింగింది వృథా అవుతుంది. ఆమె తియ్యొద్దంది. ఆమె ఇల్లు, ఆమె ప్రాణం, ఆమె మాట. నేనెవణ్ణి?

ఆ ఆలోచన చాలా గౌరవంగా ఉంది. అందుకే అంకుశానికి అనుమానం వచ్చింది. ఆమె కోరికను గౌరవిస్తున్నానా, లేక ఆ మనిషిని పిలవాల్సి రావడం నాకు చావుగా ఉందా? నల్లబడిన గోళ్ల వైపు చూసుకున్నాడు. ఇప్పుడు నొప్పి మొదలైంది. ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ కూర్చుంటే జవాబు దొరుకుతుంది. అతనికి ఎప్పుడూ దొరికింది. అప్పటికి కింద నీళ్లు నడుము దాటతాయి.

"ఆయీ, పై మెట్టు ఎక్కు."

"పై మెట్టు మీదనే ఉన్న బాబా."

వీధి అరుగు మీద హరీశ్ ఇంకా ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. హా భాయ్, హా, లోపటనే ఉన్నడు ముసలోడు, ఏం దొరుకుతది, అంటున్నాడు. ఎక్కడో ఒక కారు హారన్ రెండుసార్లు మోగింది, రథానికి అడ్డంగా వస్తున్నదేమో.

అంకుశం లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి గానీ గొంతు రాలేదు. తల తిప్పుకుని ఉన్నవాడికి అది చేరదు. ఊపిరి నిండా తీసుకున్నాడు.

"హరీశ్!" అని అరిచాడు. "ఫోన్ పెట్టేసి జల్ది రా తమ్మీ. బీము పట్టు."